అట్ట మీద పేరు

“ఆవిడ పోయిందండీ, పోయినేడే” అన్నారు మా వారు. నేను అప్పుడే కాఫీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెడుతున్నాను. ఆ పోయిన మనిషి నేనేనని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

మద్రాసు నుంచి రికార్డు కంపెనీ తరఫున వచ్చిన సోమేశ్వరరావుగారు అడిగింది మంచి మాటే. “రామచంద్రంగారూ, మీ రికార్డు అట్ట మీద ‘పేరు తెలియని పల్లెటూరి స్త్రీ’ అని వేశారే, ఆవిడ గొంతే జనానికి పట్టేసింది. ఈసారి ఆవిడ చేత పూర్తిగా పాడిద్దాం. ఎక్కడుంటారు?” దానికి మా వారి జవాబు అది.

పేరు తెలియని స్త్రీ! రికార్డు వచ్చిన రోజున మా వారు అట్ట వెనకాల ఒక ఇంగ్లీషు వరుసను వేలితో చూపించి, “ఇదిగో, నీ గురించి కూడా వేశాం” అన్నారు. నాది ఐదో తరగతి తెలుగు చదువు. అది నా పేరే అనుకున్నాను. అట్టను దేవుడి గూట్లో పెట్టి, ఏడాదిగా ప్రతి శుక్రవారం ఆ వరుస పక్కన కుంకుమ బొట్టు పెడుతున్నాను. అమ్మవారు చూస్తూనే ఉంది కదా, నాకొక్క మాట చెప్పకూడదా?

పదేళ్ళ బ్యాండు ఇది. అరవై ఎనిమిదిలో నలుగురు స్నేహితులు సికింద్రాబాదు హోటళ్ళలో ఇంగ్లీషు పాటలు వాయించేవారట. నేను కాపురానికి వచ్చేసరికి సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టారు, ఒక్కోటీ ఇరవై నిమిషాలు. ఆ మోతకి పట్నంలో ఎవరూ ఇల్లివ్వకపోతే ఖాజాగూడ రాళ్ళ పక్కన ఈ ఇంట్లో చేరాం. ఇద్దరు మానేశారు, కొత్తవాళ్ళు వచ్చారు, జుట్లు పెరిగాయి, గిటార్లు మారాయి. మారనిది నా వంటిల్లొక్కటే. రోజూ సాయంత్రం అందరికీ ఉప్మా, రెండేసి సార్లు కాఫీ. “మా ఆవిడకి సంగీతం తెలీదు, పూజలు చేసుకుంటుంది” అని కొత్తవాళ్ళకి చెప్పేవారు మా వారు.

రికార్డులోకెక్కిన పెద్ద పాటను ఏడు దెబ్బల లెక్కలో కట్టారు. డ్రమ్ములు వాయించే వీరేశానిది నానక్‌రామ్‌గూడ. చెయ్యి మంచిదే కానీ ఏడు దగ్గర ఆగలేక ప్రతిసారీ ఎనిమిదిలోకి జారిపోయేవాడు. మా అమ్మమ్మ నేర్పిన మంగళహారతిదీ అదే నడక. పప్పు రుబ్బుతూ నాలో నేను “తకిట తకధిమి” అనుకుంటుంటే వీరేశం వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. “వదినా, జర మళ్ల అను! గదే నాకు దొరుకుతలేదు.” నెల రోజులు నేను చప్పట్లు కొడితే అతనికి పట్టుబడింది. ఒక శుక్రవారం నేను హారతిస్తూ పాడుతుంటే మా వారు టేపు తిప్పి రికార్డు చేశారు. దాన్నే పాట నడిమధ్య పెట్టారు. డ్రమ్ముల హోరులో అమ్మవారి పాటేమిటని నాకు బాధ లేదు. జాతరల్లో ఆవిడ వినని హోరా!

“అన్నా, గదేంది? వదిన...” అంటూ, ‘పోయింది’ అన్న మాట విని కుర్చీలోంచి లేచిన వీరేశాన్ని మా వారు కళ్ళతోనే ఆపారు. ఎలాగో వంటింట్లోకి వచ్చిపడ్డాను. వెనకే ఆయనా వచ్చారు.

“మా ఆఫీసులో తెలిస్తే రామచంద్రం పెళ్ళాం పాటకత్తె అంటారు. నీ పరువు కోసమేనే.”

“పోయినదాన్ని, నాకు పరువేమిటండీ?”

“నెమ్మదిగా! వినపడుతుంది.”

పసుపు కుంకుమలతో పోవాలని రోజూ అమ్మవారిని వేడుకుంటాను. ఆ కోరిక ఇలా తీరుతుందని, నేను కాఫీ ఇస్తుండగా మా వారి నోటితోనే ఆ మాట వింటానని ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన్ను దాటుకుని ముందుగదిలోకి నడిచాను. సోమేశ్వరరావుగారు కాఫీ తాగడం ఆపి, “పాపం, ఎంత వయసుంటుందో ఆవిడకి?” అన్నారు.

“ముప్పై ఒకటండి” అన్నాను. “పేరు రాజరాజేశ్వరి. ఈసారి తెలుగులో వేయించండి, నేను చదువుకోవాలి.”