ఎడమకు వంగిన చారలు

జగదల్‌పూర్ పాత ఊళ్ళో తిరగాలంటే కాళ్ళకు మంచి చెప్పులుండాలి, మనిషికి ఓపిక ఉండాలి. నాకు రెండూ లేవు. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి మూసేసి, మా పెద్దమ్మ కూతురు భద్రమ్మ వెనకాల పొద్దున్నుంచి సందులు పట్టుకుని తిరుగుతున్నాను. లోపల తిట్టుకుంటూనే తిరుగుతున్నాను. అక్క వెతుకుతున్నది కన్నకూతుర్ని మరి, వదిలేసి పోలేను కదా.

బిందు ఇల్లు విడిచి ఆరేళ్ళయింది. వాళ్ళ ఊరు కొంటాలో రోడ్డు పనికి వచ్చిన, హల్బీ మాట్లాడే ఇక్కడి కుర్రాడితో వెళ్ళిపోయింది. వాడి పేరేమిటని కూడా మావాళ్ళెవరూ కనుక్కోలేదు. మా బావ రాఘవులు ఆ పిల్ల ఊసు ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు, ఎత్తితే అన్నం కంచం వాకిట్లో పడేది. మొన్న వానల్లో బావ పోయాడు. పెద్దకర్మ అయిందో లేదో, అక్క సంచీ భుజాన వేసుకుని నా గుమ్మంలో నిలబడింది. కోట వెనక సందుల్లో ఎప్పుడో బిందు గోడ అలుకుతుంటే చూశానని లారీ డ్రైవరొకడు చెప్పాడట. ఆచూకీ అంటే అంతే.

రాజుల కాలంలో పాత ఊరి చుట్టూ మట్టి ప్రాకారం ఉండేదట. ఇప్పుడది అక్కడక్కడ దిబ్బలుగా మిగిలింది. దిబ్బకు వీపు ఆనించి పెంకుటిళ్ళు, వాటి మధ్య మనిషి పక్కకు తిరిగితేగాని పట్టని దారులు. మెయిన్ రోడ్డు ఆటోల రొద ఇక్కడికి రాదు. దసరా రథానికి దూలాలు చెక్కే చప్పుడు మాత్రం ఎటునుంచో వినబడుతోంది.

అక్క ఎవర్నీ ఏమీ అడగదు. గోడ కనబడితే చాలు, ఆగి చూస్తుంది. ఎండ నెత్తికెక్కి నాకు ఒళ్ళు మండింది.

"ఏందక్కా, గోడలు నోరు తెరిచి చెప్తాయా నీకు?"

"దాని చెయ్యి నాకు ఎరికే," అంది.

అప్పుడు గుర్తొచ్చింది. బిందుది ఎడమచేతి వాటం. ఎర్రమట్టీ పేడా కలిపి గోడకు పూస్తే వేళ్ళు తిరిగిన చోట చారలు పడతాయి. మన అందరివీ కుడికి వంగుతాయి, ఆ పిల్లవి ఎడమకు వంగేవి. ఎడమ చేత్తో అలికితే ఇంటికి అరిష్టమని అక్క గరిటె కాడతో ఆ చేతి మీద కొట్టేది. పిల్ల ఏడుస్తూ ఒక గోడ పూర్తిచేస్తే, అది ఆరకముందే అక్క దానిమీద తన చేత్తో మళ్ళీ పూసేది. నేను కొంటా వెళ్ళినప్పుడల్లా చూసిన భాగోతమే అది.

వానలు వెనకబట్టాయి, దసరా దగ్గరికొచ్చింది. ఊళ్ళో ప్రతి గోడకూ కొత్త పూత పడింది. ఎక్కడ చూసినా కుడికి వంగిన చారలే. మధ్యాహ్నానికి నా మడమ చీలి నెత్తురొచ్చింది. ఇక రేపు చూద్దామన్నాను. ఈ ఒక్క సందూ చూసి పోదామంది అక్క. ఆ మాట అప్పటికే నాలుగుసార్లు అయింది.

ఆ సందు దిబ్బ దగ్గర ఆగిపోయింది. చివర చిన్న ఇల్లు. ముందు గోడకు చూరు నుంచి నీలం ప్లాస్టిక్ పట్టా దించి కట్టారు. పక్కింటి అరుగు మీద సన్నే అనే ముసలమ్మ కూర్చుని, మమ్మల్ని చూడగానే హల్బీలో మొదలుపెట్టింది. ఆ ఇంటివాడు ఇల్లంతా అలికించి ఈ ఒక్క గోడ మాత్రం ఎవర్నీ ముట్టనివ్వడట, పండగ పూట సందు పరువు తీస్తున్నాడట. అక్క ఆవిడ మాట వినలేదు. పోయి పట్టా ఎత్తింది.

పాత పూత. అంచుల్లో పెచ్చులు లేచింది. చారలన్నీ ఎడమకే వంగి ఉన్నాయి.

అక్క ముఖం వెలిగిపోయింది. కొంగుతో చెమట తుడుచుకుంది, జుట్టు సవరించుకుంది, పెళ్ళివారింటికి వచ్చినట్టు. గడప దగ్గరికి పోయి, "బిందూ, నేనే, అమ్మను," అని పిలిచింది.

సన్నే చప్పున అరుగు దిగింది. నన్ను దగ్గరికి లాగి, నా చెవిలో చెప్పింది. కామెర్లట. పోయిన ఏడు ఎండాకాలంలోనట. అక్కకు హల్బీ రాదు. ఆ మాట నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఇంత నోరున్న దాన్ని, ఎట్లా చెప్పానో నాకే తెలియదు. అక్క ఏడవలేదు. "మరి గోడ ఉంది కదనే," అంది.

అంతలో ఆ ఇంటివాడు పనినుంచి వచ్చాడు. బుధ్రాం అట పేరు. పట్టా పైకెత్తి ఉండటం చూసి, పరుగున వచ్చి గోడకు అడ్డంగా నిలబడ్డాడు. మేమెవరమో సన్నే చెప్పింది. చెప్పినా వాడు పక్కకు జరగలేదు. బిందు నేర్పిన తెలుగులో, ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు.

"అత్తమ్మా, దీన్ని పూయకు. 'మా అమ్మ వస్తే ముందు ఈ గోడే మళ్ళీ పూస్తది, చూస్తా ఉండు' అని బిందు నవ్వేది. ప్రతి పండక్కీ నీ కోసం చూసింది."

అక్క అప్పుడు కూలబడింది. దిబ్బ మీద పిట్టలు లేచిపోయేటట్టు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇన్నేళ్ళు నా ఇడ్లీ బండికి ఇంత దగ్గరలో బతికి, నాకు తెలియకుండానే పోయిందే పిల్ల అని నా గుండె చెరువైంది.

సందులో ఆడవాళ్ళు చేరారు. చావు జరిగిన ఇల్లు పూర్తిగా అలకకపోతే మైల పోదని, ఆ జీవి అక్కడే తిరుగుతుంటుందని గొణిగారు. అక్క కళ్ళు తుడుచుకుని లేచింది.

"అల్లుడా, మట్టి కలుపు," అంది.

వాడి ముఖం పాలిపోయింది. అయినా పెద్దమనిషి మాట కాదనలేక తట్టలో ఎర్రమట్టీ పేడా కలిపి తెచ్చి పెట్టాడు. గోడవైపు చూడలేక తల తిప్పుకున్నాడు.

అక్క గోడ దగ్గరికి పోయి పట్టా కిందికి దించింది. మూలలు రెండూ లాగి కట్టింది. తర్వాత గడప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎడమచెయ్యి తట్టలో ముంచింది. ఆ చేతికి పని అలవాటు లేదు. మట్టి ఒక చోట ముద్దగా, ఒక చోట పలచగా పడింది. ఎడమకు వంగాల్సిన చార సగంలోనే వంకర తిరిగింది. ఇట్లా తే అక్కా, నేను సరిచేస్తానని చెయ్యి చాపాను. నా చెయ్యి తోసేసింది.

గడపంతా ఆ చేత్తోనే అలికింది.