చేతికంటిన ఉప్పు

మా ఆయన నా చెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టినప్పుడు నేను పొంగిపోయాను. పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన నా చెయ్యి పట్టుకున్నది రోడ్డు దాటడానికే. అదీ బరబరా లాక్కుపోవడానికి. అలాంటి మనిషి, సాయంత్రం నేను గడపలో అడుగు పెట్టగానే "ఇలా కూర్చోవే" అని మంచం మీద కూర్చోబెట్టుకుని, నా కుడిచెయ్యి పెదవులకు ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. జబ్బు చేస్తే గానీ పెళ్లాం విలువ తెలియలేదు కాబోలు అనుకున్నాను. సిగ్గు లేకుండా ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకున్నాను కూడా.

నేను చిప్స్ ఫ్యాక్టరీలో రుచి చూసే మనిషిని. వేగిన చిప్స్ పెద్ద డ్రమ్ములో గిరగిరా తిరిగి, ఉప్పూ కారం పట్టించుకుని బయటికొస్తాయి. ఒకటి తీసి కొరకడం, నమలడం, బకెట్లో ఉమ్మడం, ఉప్పు ఎక్కువైతే కేకెయ్యడం. రోజంతా ఇదే పని. చిప్స్ పేరెత్తితేనే నాకు వెగటు. మా ఆయనకేమో అవంటే ప్రాణం. నన్ను చేసుకున్నదే ఆ ఫ్యాక్టరీని చూసి అని మా అత్తయ్య ఇప్పటికీ ఎకసెక్కాలాడుతుంది.

అలాంటివాడికి కిడ్నీలు మొరాయించాయి. "ఉప్పు ముట్టుకోకూడదు. ముట్టుకున్నారా, డయాలసిస్ తప్పదు" అన్నాడు డాక్టరు. ఉప్పు డబ్బా పట్టుకెళ్లి ఎదురింటివాళ్లకి ఇచ్చేశాను. ఇంటిల్లిపాదికీ చప్పిడి తిండే.

అయినా ఈసారి రక్తపరీక్ష ఇంకా పాడుగా వచ్చింది. "ఎక్కడో ఉప్పు అందుతోందమ్మా" అన్నాడు డాక్టరు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి సోదా మొదలుపెడితే, అత్తయ్య దిండు కింద చిప్స్ పొట్లం దొరికింది.

"కన్నకొడుకుని చంపుకుంటారా అత్తయ్యా?" అని అరిచాను.

"అది నాదే! వాడికి చప్పుడు వినపడకూడదని దుప్పటి ముసుగేసుకుని చప్పరించి మింగుతున్నా. వాడికి ఒక్కటి పెట్టుంటే నా కళ్లు పోవాల!" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పెడుతున్నది నువ్వే. రోజూ చెయ్యి చాపి కూర్చుంటావు, వాడు వేళ్లు నాకుతుంటాడు. నువ్వేమో తెగ మురిసిపోతున్నావు. ఎట్లా చెప్పనే?"

నా చెయ్యి చూసుకున్నాను. బస్సు తప్పిపోతుందన్న హడావుడిలో చేతుల మీద ఇన్ని నీళ్లు పోసుకుని పరిగెత్తడమే నాకు అలవాటు. గోళ్ల సందుల్లో ఎర్రటి పొడి అలాగే ఉంది. ఈ కాస్త ఉప్పుకే రిపోర్టు పాడైందో, జబ్బే ముదిరిందో నాకేం తెలుసు? ఎవరిని తిట్టాలో తెలియక పొట్లం తిరిగి దిండు కింద పెట్టేశాను.

మర్నాడు ఫ్యాక్టరీలో సబ్బుతో, బ్రష్షుతో వేళ్లు మంటపుట్టేదాకా తోముకున్నాను. బస్సు పోతే పోయిందని నడిచి వచ్చాను.

"ఇలా కూర్చోవే" అన్నాడు. నా చెయ్యి పెదవులకు ఆనించుకున్నాడు. కళ్లు తెరిచాడు. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కడుక్కున్నావా?"

"ఆఁ."

"మంచి పని చేశావు" అని, నా చేతిని జాగ్రత్తగా నా ఒళ్లో పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన్ని కడిగిపారెయ్యాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. తీరా చూస్తే ఏడుపొచ్చింది. "నా మీద ప్రేమతో పట్టుకుంటున్నారనుకున్నానండీ" అన్నాను.

ఇటు తిరిగాడు. "అది కూడానే పిచ్చిదానా" అన్నాడు. నిజమో, నన్ను ఊరుకోబెట్టడానికో. బొటనవేలితో నా చెంప మీది కన్నీళ్లు తుడిచాడు. ఆ వేలు తన నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. నా మొహంలోకి చూశాడు.

"ఇది కూడా వద్దా?"

వద్దన్నట్టు తల ఊపాను. ఆయన వేలు దుప్పటికి తుడిచేసుకున్నాడు.