తూర్పు మెట్ల మీద మనిషంత చోటు

కర్టెన్లు కుట్టేవాళ్ళకి కిటికీలతో తప్ప ఇంటితో పని ఉండదు. టేపు తీశామా, పొడవూ వెడల్పూ రాసుకున్నామా, గుడ్డ రంగు ఖాయం చేసుకుని బయటపడ్డామా, అంతే. ఆమె ఇన్నేళ్ళూ అలాగే చేసింది. ఎవరింటి సోఫా ఎంత పెట్టి కొన్నారో పట్టించుకునే మనిషి కాదు. కానీ రైల్వే యార్డు పక్కన కొత్తగా లేచిన అపార్టుమెంట్ల నుంచి కొలతలకి రమ్మని ఫోను వచ్చినప్పుడు మాత్రం ఆమె వెనకాడింది. "వేరే టైలరుని చూసుకోండమ్మా" అనబోయింది. అవతలావిడ వినిపించుకుంటేగా!

"రెండు నెలలుగా కిటికీలకి పాత దుప్పట్లు కట్టుకుని కాపురం చేస్తున్నామండీ. మీరు కూడా రానంటే ఇంక ఆ దుప్పట్లే గతి."

కాదనలేక, టేపు సంచిలో వేసుకుని బయల్దేరింది.

ఆ అపార్టుమెంట్ల చోట ఒకప్పుడు ఫుట్‌బాల్ గ్రౌండు ఉండేది. ఊరి క్లబ్బుకి అదే పుట్టిల్లు. చూడ్డానికి ఏమంత గొప్పది కాదు. తూర్పు వైపున సిమెంటు మెట్లు, వాటి మీద తుప్పు పట్టిన రేకుల కప్పు, కప్పుని మోసే ఇనప స్తంభాలు. స్తంభం వెనక ఇరుక్కున్నవాడికి సగం గోలే కనిపించేది, మిగతా సగం పక్కవాడు చెప్పాలి. వాన కొడితే రేకుల మోతలో రిఫరీ ఈల వినపడక, ఆట ఆగిపోయాక కూడా ఆటగాళ్ళు పరిగెడుతూనే ఉండేవాళ్ళు. గోడ దాటిన బంతి గూడ్సు బండిలో పడితే ఏ ఊరు చేరేదో దేవుడికే తెలియాలి. ఆ గూడ్సు డ్రైవర్లలో కూడా క్లబ్బు అభిమానులు ఉండేవాళ్ళు. మ్యాచి జరుగుతుంటే గోడ పక్కకి వచ్చేసరికి బండి నత్తకి తమ్ముడయ్యేది.

పెళ్ళయిన కొత్తలో భర్త ఆమెని "షికారుకి తీసుకెళ్తా" అని ముస్తాబు చేయించి మరీ తీసుకెళ్ళింది అక్కడికే. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. "ఇదా మీ షికారు!" అని ఆమె మూతి మూడు వంకర్లు తిప్పింది. రెండో సగం మొదలయ్యేసరికి మూతి సంగతి మరిచిపోయి, ముందువాడి భుజం పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడి ఉంది. ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు మ్యాచి రోజున వాళ్ళ చోటు అదే, స్తంభానికి ఎడమ పక్కన.

చుట్టూ నిలబడేవాళ్ళు కూడా ఎప్పుడూ వాళ్ళే. ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. గోలు పడితే కౌగిలించుకునేవాళ్ళకి పేర్లతో పనేముంది? పక్కనుండే బక్కపలచటి మనిషిని కళ్ళజోడు అనేవాళ్ళు. గోలు పడ్డ ప్రతిసారీ ఆయన అద్దాలు కింద పడితే నలుగురూ వంగి వెతికేవాళ్ళు. వెనక మెట్టు మీది భారీ మనిషిని బాకా అనేవాళ్ళు. ఆయన నోరు తెరిస్తే పావురాలు కప్పు వదిలి లేచిపోయేవి. వాళ్ళకి ఈమె భర్త 'మెకానిక్కు', ఈమె కళ్ళజోడుకి వదిన, బాకాకి చెల్లెమ్మ.

ఒక చలికాలం భర్త డిపోలో పని చేస్తూ చేస్తూనే గుండె ఆగి పోయాడు. ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు, ధైర్యంగా ఉండమని. ఆ ధైర్యం ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. కొన్నాళ్ళకి ఇంట్లో గోడలు మీద పడుతున్నట్టుంటే లేచి నడిచింది. కాళ్ళు వాటంతటవే గ్రౌండుకి తీసుకెళ్ళాయి.

ఆ రోజు పెద్ద మ్యాచి. ఇసుక వేస్తే రాలనంత జనం. ఎలాగో తన చోటుకి చేరుకుంది. ఆట మొదలైన కాసేపటికి గమనించింది, అంత తొక్కిసలాటలోనూ తన కుడి పక్కన మనిషంత చోటు ఖాళీగా ఉంది. వెనక నుంచి బాకా చెయ్యి చాపి అడ్డం పెట్టాడు. అటు పక్క కళ్ళజోడు భుజం అడ్డం పెట్టాడు. పై మెట్ల నుంచి ఎవరో దూసుకొస్తే బాకా గద్దించాడు.

"కనపడటం లేదూ? అక్కడ మనిషున్నాడు!"

ఓదార్పు మాట ఒక్కటి లేదు. చోటు మాత్రం ఉంచారు. ఆ మ్యాచికే కాదు, ఆ ఏడాది ఆటలన్నిటికీ ఉంచారు. మరుసటి ఏడు ఒక వానరోజున, కప్పు అందని చోట తడుస్తున్న ఒక అమ్మాయిని చూసి ఆమే చెయ్యి పట్టి ఆ ఖాళీలోకి లాక్కుంది. బాకా చెయ్యి దించేశాడు.

తర్వాత గ్రౌండు అమ్మేశారు. ఊరి చివర కొత్తది కట్టారు. కంప్యూటరు ఎవరికి ఏ సీటిస్తే అక్కడ కూర్చోవాలి. ఆమె ఒక్కసారి వెళ్ళింది. మెత్తటి కుర్చీ, కాళ్ళు చాపుకునే జాగా, ముక్కు మూసుకోకుండా వెళ్ళగలిగే మరుగుదొడ్లు. పక్క సీట్లో ఎవరో కుర్రాడు మర్యాదగా నవ్వి కూర్చున్నాడు. పాపం అతని తప్పేముంది, టికెట్టు కొనుక్కున్నాడు. కానీ ఆమెకి భర్త ఇంకోసారి పోయినట్టనిపించింది. సగం ఆటలో లేచి వచ్చేసింది. ఆపైన ఇన్నేళ్ళలో మళ్ళీ అటు వెళ్ళలేదు, ఈ యార్డు వైపూ రాలేదు.

నాలుగో అంతస్తులో తలుపు తీసినావిడ ఆమెని నేరుగా హాల్లో పెద్ద కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. దుప్పటి పక్కకి తీయగానే ఎదురుగా రైలు పట్టాలు, సిగ్నలు స్తంభం, ఎర్ర ఇటుకల గోదాము. అన్నీ ఆ మెట్ల మీద నుంచి కనపడినట్టే, అదే వరసలో. టేపు పట్టుకున్న చెయ్యి కిటికీ చట్రం మీద అలాగే ఉండిపోయింది.

"వదినా?"

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఒకాయన. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, అద్దాలు ఇంకా మందమయ్యాయి. అయినా పోల్చుకోలేకపోవడమేమిటి!

"కళ్ళజోడు!" అనేసి నాలుక కరుచుకుంది.

ఇంటావిడ పకపకా నవ్వింది. "పళ్ళ డాక్టరుని పట్టుకుని కళ్ళజోడంటారేమిటండీ! అయితే మీరూ ఆ మెట్ల బాపతేనన్నమాట. ఈయనకి ఊళ్ళో ఇంకెక్కడా ఇల్లే దొరకలేదు. వంటింట్లోకి వెలుతురు రాదు, లిఫ్టు రోజు మార్చి రోజు అలుగుతుంది, రాత్రంతా గూడ్సు బళ్ళు. అయినా ఇదే కావాలని పట్టుబట్టాడు. ఎందుకో అడగండి."

"ఎందుకేమిటి? సరిగ్గా మన మెట్ల మీదే ఉంది వదినా!" డాక్టరు చిన్నపిల్లాడిలా ఆమెని గది గదికీ తిప్పాడు. "ఇదిగో, ఈ బీరువా ఉందే, ఇక్కడ స్తంభం. అదిగో, ఎదురు బ్లాకులో ఆ ఆకుపచ్చ బాల్కనీ, అక్కడ గోలు. పెనాల్టీ కొట్టే చోటు వాళ్ళ వంటింట్లో పడింది. ఒకసారి చెప్పాను కూడా వాళ్ళకి."

"ఏమన్నారు?"

"అప్పట్నుంచీ నేను లిఫ్టులో కనపడితే వాళ్ళు మెట్లెక్కుతున్నారు."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళుగా గుండెలో పెట్టుకున్న మాట ఆ ఊపులోనే బయటికి వచ్చేసింది. "ఆయన పోయాక నా పక్కన చోటు ఉంచారు. మీకెవరికీ ఒక్కమాటైనా చెప్పలేదు నేను. మళ్ళీ నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే అది ఆ మెట్ల మీదే."

డాక్టరు అద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "నాదేముంది వదినా. చెయ్యి అడ్డం పెట్టింది బాకా. చెప్పాలనుంటే వాడికి చెప్పాలి." అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "వాడు మొన్నామధ్య పన్ను పీకించుకోడానికి నా దగ్గరికి వచ్చాడు. పన్ను ఊడొచ్చినా చప్పుడు చెయ్యలేదు. బాకా ఏంటి, నోరు మెదపకపోవడమేంటని అడిగితే అప్పుడు తెలిసింది. గొంతులో గడ్డ తీశారట. ప్రాణానికి భయం లేదు గానీ గొంతు పోయింది. గుసగుస తప్ప పైకి మాట రాదు. మ్యాచి పేరెత్తితే మొహం తిప్పేసుకుంటున్నాడు."

ఆ కర్టెన్లు ఆమె ఎప్పటికన్నా తొందరగా కుట్టింది. అవి తగిలించిన రోజునే ఇద్దరూ కలిసి బాకా కొట్టుకి వెళ్ళారు. తాళాలు బాగుచేసే కొట్టు అది. మనిషి తిరగడానికే చోటు లేదు, గోడ నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. బాకా ఒక ఇత్తడి చెవిని ఆకురాయితో అరగదీస్తున్నాడు. తలెత్తి చూశాడు. ఆకురాయి చేతిలోంచి జారింది.

"చెల్లెమ్మా..." ఆకు కదిలినంత మాట.

"ఆదివారం మ్యాచికి మూడు టికెట్లు తీశాం అన్నయ్యా, పక్కపక్కన. మీరు రావాలి."

బాకా తల అడ్డంగా ఊపాడు. దగ్గరికి రమ్మని సైగ చేసి, గుసగుసగా అన్నాడు. "నేనొచ్చి ఏం చెయ్యనూ, మూగనోము పట్టనా? అరవనివాడికి ఆటెందుకు?"

ఆమె గట్టిగా తుమ్మితే నలుగురికి క్షమాపణ చెప్పుకునే మనిషి. తూర్పు మెట్ల మీద నిలబడ్డ ఏళ్ళన్నిటిలో ఆమె గొంతు పక్క మెట్టుకి కూడా వినపడి ఉండదు. అలాంటిది, నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ మాట వచ్చేసింది.

"మీరు చెప్పండి. నేను అరుస్తాను."

బాకా ఆమెని ఎగాదిగా చూశాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలియడానికి వాళ్ళకి కాస్త సమయం పట్టింది.

ఆదివారం ముగ్గురూ కొత్త గ్రౌండులో కూర్చున్నారు, ఆమె మధ్యలో, వాళ్ళిద్దరూ చెరో పక్కా. వస్తూనే బాకా కప్పు వంక చూసి "పావురాలేవీ?" అని గుసగుసలాడాడు. ఆట మొదలైన కాసేపటికే అవతలి జట్టువాడొకడు మన డిఫెండరుని దాటుకుని దూసుకొచ్చి గోలు కొట్టాడు. బాకా ఆమె చెవి దగ్గరికి వంగాడు. విని ఆమె మొహం ఎర్రబడింది.

"అది కూడా అరవాలా?"

బాకా కళ్ళు పెద్దవి చేశాడు. మాటంటే మాటే.

ఆమె లేచి నిలబడింది. "బాబూ! వాడికి అలా దారి చూపించడానికి నువ్వేమన్నా వాళ్ళ మేనమామవా?"

చుట్టూ నాలుగు వరసలు ఆమె వైపు తిరిగాయి. బాకా మాత్రం అసంతృప్తిగా ఆమె చెయ్యి లాగాడు. "బాబూ కాదు. ఒరే."

"ఆ అబ్బాయి కన్నతల్లి వింటుందేమో అన్నయ్యా!"

"ఒరే."

తర్వాతి గద్దింపు గోలుకీపరుకి. ఈసారి ఆమె కళ్ళు మూసుకుని అరిచేసింది. "ఒరే! ఆ చేతులు అన్నం తినడానికేనా, బంతి కూడా పడతావా?" ముందు వరసలో ఒక కుర్ర జంట పడీ పడీ నవ్వి, ఇంక ఆట కన్నా ఎక్కువగా ఆమె వంకే చూడటం మొదలుపెట్టారు, తర్వాత ఏమంటుందోనని.

సగం ఆటకి డాక్టరు టీ తేవడానికి వెళ్ళాడు. ఇద్దరే ఉన్నప్పుడు ఆమె ఆ మాట ఎత్తింది. కుట్టుమిషను ముందు కూర్చుని చాలాసార్లు అనుకున్న మాటే, అయినా వరసగా రాలేదు. "ఆ రోజు మీరు అక్కడ మనిషున్నాడన్నారు చూడండి... ఇంటికెళ్ళి ఆ రాత్రి అన్నం తిన్నాను. అన్నాళ్ళకి అదే మొదటిసారి."

బాకా సీటులో కాస్త ఇటు జరిగాడు. తర్వాత వంగి, మెల్లిగా అన్నాడు. "నిజం చెప్పనా? ఆ రోజు నాకు సంగతే తెలీదు. మీ ఆయన టీ తాగడానికి వెళ్ళాడనుకున్నా. ఎంతకీ రాడే, చెయ్యి లాగేస్తోంది, వీడింకా టీ తోటలోనే ఉన్నాడా అని తిట్టుకున్నా కూడా."

ఆమె నోరు తెరుచుకుని చూసింది.

"మ్యాచి అయ్యాక కళ్ళజోడు చెప్పాడు. మళ్ళీ మ్యాచికి..." బాకా ఊపిరి తీసుకున్నాడు. "మళ్ళీ మ్యాచికి తెలిసే పెట్టాను."

ఆమెకి నవ్వు ముంచుకొచ్చింది. ఎంత నవ్వినా ఆగదే! టీ కప్పులతో వచ్చిన డాక్టరు, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియక ఇద్దరి మధ్యా నిలబడిపోయాడు. డాక్టరుతో కూడా చెప్పారు. "మా ఆయన వింటే ఎంత నవ్వేవాడో!" అంది ఆమె. ఆయన పోయాక, ఆయన్ని తలుచుకుని అంత హాయిగా నవ్వడం అదే మొదటిసారి.

రెండో సగంలో ఆమెకి సిగ్గన్నది మిగల్లేదు. బాకా చెప్పేది సగంలో ఉండగానే అరిచేసేది. లైన్ దగ్గర జెండా ఊపేవాడిని "ఆ జెండా ఆరేసుకోడానికిచ్చారా?" అన్నప్పుడు, ముందు వరస కుర్ర జంట కూడా గొంతు కలిపారు. ఇంక ఈల పడుతుందనగా మనవాళ్ళు గోలు కొట్టి సమం చేశారు. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఎగిరారు. డాక్టరు అద్దాలు ఎగిరి ఎక్కడో పడ్డాయి. ఒక వరస వరసంతా కుర్చీల కింద దూరి వెతికింది. గెలుపేం కాదు, సమమే. అయినా బాకా రెండు చేతులూ పైకెత్తి, చప్పుడు లేని నోటితో ఆకాశం అదిరేలా అరిచాడు.

బస్సు స్టాపు దగ్గర విడిపోయే ముందు, వచ్చే మ్యాచికి కూడా మూడు సీట్లూ పక్కపక్కనే తీస్తానని డాక్టరు చెప్పాడు. గద్దింపులు మాత్రం కాస్త ముందుగా చెప్పమని ఆమె బాకాని బతిమాలింది. నోరు తిరగడానికి సమయం కావాలిగా.

మర్నాడు పొద్దున్న కొట్టు తెరవగానే ఒకావిడ జాకెట్టు ఆల్టరేషనుకని వచ్చింది. "ఎప్పటికిస్తారు?" అని అడిగితే, చెబుదామని ఈమె నోరు తెరిచింది. ఒక్క మాటా రాలేదు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"అయ్యో, జలుబు చేసిందా?" అందావిడ జాలిగా.

ఆమె కాదన్నట్టు తల ఊపి, గుడ్డ మీద సుద్దముక్కతో 'గురువారం' అని రాసి చూపించి, నవ్వుకుంటూ మిషను ముందు కూర్చుంది.