రెండో తాళంచెవి

ఎనభై ఏడో సీసా మూత విప్పి, పెన్సిల్ గీతకీ లోపలి స్పిరిట్‌కీ మధ్య ఎంత ఎడముందో ఒక కన్ను మూసి చూశాడు సీసాలాయన. గోరంత. గరాటు పెట్టి ఆ గోరంతా నింపాడు. మూత బిగించి, అంచు చుట్టూ మైనం పూసి, నూలుగుడ్డతో తుడిచాడు. లోపల జలగ ఒకసారి ఊగి, ముప్ఫై ఏళ్ళుగా నిలబడ్డట్టే మళ్ళీ నిలబడింది.

స్పిరిట్ గీత కిందికి దిగిందంటే రెండే కారణాలు. ఆవిరైనా అయ్యుండాలి, ఎవరైనా తీసైనా ఉండాలి. మొదటి కారణాన్ని ఆయన ఏనాడూ అంత తొందరగా ఒప్పుకోలేదు. ఇంట్లో పాలగిన్నెకి కూడా గీత పెట్టే మనిషి. "ఆ పెన్సిలేదో నా ఒంటి మీద కూడా గియ్యి, ఈ ఇంటికొచ్చాక నేనెంత తరిగిపోయానో తెలుస్తుంది" అంటుంది ఆయన భార్య.

హాజరుపట్టీలో తప్ప ఆయన అసలు పేరు ఆ కాలేజీలో ఎవరికీ తెలియదు. జంతుశాస్త్ర విభాగంలో అటెండరు. రెండో అంతస్తు చివర ఉన్న పొడుగాటి మ్యూజియం గది ఆయనది. కాగితాల మీద కాలేజీదే అనుకోండి, కానీ ముప్ఫై రెండేళ్ళు తుడిచినవాడిది కాకుండా ఎవరిదవుతుంది? తలుపు పక్కన స్పంజికలు, ఒళ్ళంతా కన్నాలే తప్ప నోరు లేనివి. తర్వాత జెల్లీచేపలు. ఆ తర్వాత బద్దెపురుగులు, ఏలికపాములు, చూడగానే పిల్లలు కడుపు పట్టుకునే సరుకు. ఒళ్ళంతా ఉంగరాలు తొడుక్కున్న వానపాములు, జలగలు. అక్కణ్ణించి గది సగం దాకా కీళ్ళ కాళ్ళవాళ్ళదే రాజ్యం. రొయ్యలూ పీతలూ ఒక వరుస, తేళ్ళూ సాలీళ్ళూ ఇంకో వరుస, జెర్రులు, రోకలిబండలు, ఇక పురుగులైతే చెప్పనక్కర్లేదు. కిటికీ వైపు మెత్తటి ఒళ్ళున్న నత్తలూ ఆల్చిప్పలూ. చిట్టచివర ముళ్ళచర్మంతో సముద్రనక్షత్రాలు. వీటిలో ఒక్కదానికీ వెన్నెముక లేదు. వెన్నెముక ఉన్న కప్పా పామూ పక్షీ అన్నీ కలిసి ఎదురుగోడకి ఒకే ఒక్క బీరువాలో సర్దుకున్నాయి. "నూటికి తొంభై అయిదు వెన్నెముక లేనివేనయ్యా. లోకం వాటిది, మనం అద్దెకున్నాం" అనేవారు పెద్దసారు, పదకొండేళ్ళ కిందట రిటైరైన ప్రొఫెసరు.

ఈ పొద్దున సీసాలాయన మనసు దూదిపింజలా ఉంది. సీసాలు కదల్లేదు!

గొడవ మొదలై మూడు వారాలైంది. ఒకరోజు పొద్దున్నే వచ్చి చూస్తే ఆక్టోపస్ లేదు. అరలన్నీ వెతికాడు. చూడగా చూడగా కిటికీ దగ్గర నత్తల మధ్యలో కూర్చుని ఉంది. ఎనిమిది చేతుల ఆక్టోపస్‌ని, జెల్లీచేప పక్కన దర్జాగా ఉండాల్సినదాన్ని, నత్తల్లో పెడతారా ఎవరైనా? తిట్టుకుంటూ తెచ్చి దాని చోట పెట్టాడు. రెండ్రోజులాగి మళ్ళీ అదే తంతు. ఈసారి గుర్రపునాడా పీత పీతల వరుసలోంచి లేచి తేళ్ళ దగ్గరికి పోయింది. రాతికి అంటుకున్న తెల్లటి ఓడగుల్ల, అదే బార్నకిల్, ఆల్చిప్పల్లోంచి రొయ్యల దగ్గరికి, సముద్రపు దోసకాయ జలగల పక్కనుంచి నక్షత్రాల దగ్గరికి, పగడపు కొమ్మ స్పంజికల్లోంచి జెల్లీచేపల్లోకి. ఎప్పుడూ ఆ అయిదే. వాళ్ళు మార్చడం, ఈయన వెనక్కి తేవడం.

ఎందుకు చేస్తున్నారో ఆయనకి అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. రేపే తనిఖీ. బయటి విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురొస్తారు, వరుసగా అరలన్నీ చూస్తారు. విభాగం పెద్ద, అందరూ మేడమ్ అనే ఆవిడ, నెల కిందటే పిలిచి చెప్పింది. "వరుసలో ఒక్క తప్పు దొరికినా మ్యూజియం చదువుకున్నవాళ్ళకి అప్పగించాల్సి వస్తుంది. మీరు కింద స్టోరులో కూర్చోవచ్చు, అదేం కష్టం కాదు." స్టోరంటే విరిగిన బల్లలూ చీపుళ్ళూ ఉండే చీకటి గది. రిటైరవడానికి నాలుగేళ్ళుంది. ఆ నాలుగేళ్ళూ చీపుళ్ళకి కాపలా కాయడం తలుచుకుంటే ఆయనకి అన్నం సయించడం మానేసింది. ఎవరో తన చోటికి ఎసరు పెడుతున్నారు, అంతే.

తలుపు పగల్లేదు, కిటికీ తెరవలేదు. తాళానికి చెవులు రెండే. ఒకటి ఆయన జేబులో ఉంటుంది. రెండోది పోయింది. పోయిందని పదకొండేళ్ళ కిందట ఆఫీసులో కాగితం రాసిచ్చాడు, అడిగినవాళ్ళందరికీ అదే చెప్పాడు. అందుకే నిన్న సాయంత్రం, తనే బజారుకెళ్ళి కొత్త తాళం తెచ్చి బిగించాడు. పాతది చెవితో సహా సొరుగులో పడేశాడు. ఇక ఎవరి పప్పులూ ఉడకవు.

తొమ్మిదింటికి ఊడ్చే ఆయమ్మ వచ్చి, కొత్త తాళం చూసి ముక్కున వేలేసుకుంది. "ఇదేంటి సారూ, బంగారం దాచినట్టు ఇంత తాళం?"

"నీకెందుకు? పాత తాళం ఉంటే నీకేమైనా వీలుగా ఉండేదా?"

"నాకేం వీలు? ఆ పురుగుల్ని చూస్తే నాకు రాత్రి నిద్ర పట్టదు. మీరెట్టా అన్నం తింటారో ఏమో" అని చీపురు విసురుగా ఆడించుకుంటూ పోయింది. మరీ అంత విసురెందుకు? ఆయన మనసులో ఆమె పేరు పక్కన ఒక గీత పెట్టుకున్నాడు.

పదింటికి వాచ్‌మన్ మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాడు. పొడుగ్గా, భుజాలు వంగిపోయి, ఎప్పుడూ నమిలిన అగ్గిపుల్ల నోట్లో ఉండే మనిషి. ఈ పొద్దున అగ్గిపుల్ల లేదు. సీసాలాయన మొహం వైపు చూడకుండా నేల వైపు చూశాడు.

"అన్నా, ఒక్కసారి కిందికి రా. చిన్న మాటుంది."

"ఏం మాట? ఇక్కడే చెప్పు."

"ఇక్కడ కాదన్నా. నీకొకటి ఇవ్వాలి. గేటు దగ్గరుంది."

కళ్ళలోకి చూడలేని మనిషి ఇచ్చేదేమిటో! గది వదిలి కిందికి పోతే ఈ లోపల ఇంకొకడు దూరతాడు, అదీ ఎత్తు. సీసాలాయన చెయ్యి ఊపేశాడు. "నాకు పనుంది. సాయంత్రం చూద్దాంలే."

వాచ్‌మన్ ఇంకేదో అనబోయి, కొత్త తాళం వైపు ఒకసారి చూసి, వెళ్ళిపోయాడు. తాళం వైపు చూడ్డంతో ఆయనకి అనుమానం స్థిరపడింది. దొంగ వీడే! చేయిస్తున్నది మేడమో ఇంకెవరో తేలాలి. మధ్యాహ్నం పన్నెండింటికి మళ్ళీ వచ్చాడు వాడు. ఈసారి సీసాలాయన లోపలి గడియ పెట్టుకుని, స్పంజికలు తుడుస్తూ, "తర్వాత రారా బాబూ!" అని అరిచాడు.

టిఫిను డబ్బా విప్పి, ఆక్టోపస్‌కి ఎదురుగా కూర్చుని తిన్నాడు. దాన్ని పట్టింది తనే. ఇరవై అయిదేళ్ళ కిందట, పెద్దసారుతో సముద్రానికి వెళ్ళినప్పుడు, రాళ్ళ మధ్య మోకాలి లోతు నీళ్ళలో చెయ్యి పెడితే మణికట్టుకి చుట్టుకుంది. వదల్లేదు, అదీ వదల్లేదు, తనూ వదల్లేదు. ఒడ్డున సారు చిన్నపిల్లాడిలా గంతులేశారు. కానీ సీసాలోని చీటీ మీద జంతువు పేరు, దొరికిన చోటు, తేదీ రాసి, పట్టినవాడి పేరు దగ్గర సారు తన పేరే రాసుకున్నారు. అటెండరు పేరు చీటీల్లో రాసే ఆనవాయితీ లేదట. ఆ మ్యూజియంలో సగం ప్రాణులు తన చేతుల మీదుగా వచ్చాయి, ఒక్కదాని మీదా తన పేరు లేదు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు గానీ మర్చిపోనూ లేదు.

అయినా సారంటే ప్రాణం. తొమ్మిదేళ్ళ కిందట వానాకాలంలో పైకప్పు కారి, ఏ అరలో ఏ జాతి ఉండాలో రాసి అంటించిన కాగితాలన్నీ నాని ఊడిపోయినప్పుడు ఆయనుంటే ఎంత బాగుండేదో. అప్పటికి ఆయన రిటైరై రెండేళ్ళు. సీసాలాయన ఒక్కడే మూడు వందల పన్నెండు సీసాలూ వరండాలోకి చేరేసి, గది ఆరాక, తన కళ్ళతో చూసి, రూపం పోల్చి, పేరు పోల్చి సర్దాడు. ఒక్కటి పగల్లేదు. తర్వాత వచ్చిన మాస్టర్లు పిల్లల చేత బొమ్మలు పుస్తకంలోంచే గీయించేవాళ్ళు, అరల వైపు తలెత్తినవాడు లేడు. నెల కిందట కాలేజీ వార్షికోత్సవానికి పెద్దసారుని ఇద్దరు పట్టుకుని పైకి తీసుకొచ్చారు. చేతికర్ర మీద ఆనుకుని ప్రతి అరా చూశారు. ఆక్టోపస్ దగ్గర చాలాసేపు ఆగారు. "బాగా చూసుకుంటున్నావయ్యా. ఒక్క సీసాకి దుమ్ము లేదు" అని భుజం తట్టారు. ఆ రాత్రి సీసాలాయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మూడున్నరకి మేడమ్ వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది.

"ఒక చెడ్డ వార్త. పెద్దసారు పోయారు. రెండింటికట. భోంచేసి కుర్చీలో కూర్చున్నారు, అంతే. అందరం బయల్దేరుతున్నాం, మీరూ రండి."

సీసాలాయన చేతిలో గుడ్డ అలాగే ఉంది. ఏం చెయ్యాలో తెలియక చేతిలో ఉన్న సీసాని పూర్తిగా తుడిచి, అరలో పెట్టి, మూత బిగుతుగా ఉందో లేదో చూశాడు. తర్వాత కిందికి దిగాడు. గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

"పొద్దున్నే ఇద్దామనే వచ్చానన్నా. రెండుసార్లొచ్చాను" అంటూ కవరొకటి చేతిలో పెట్టాడు. "నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. మూడు వారాల నుంచీ తెల్లారగట్ల వస్తున్నారు. ఒక్కో మెట్టుకీ ఆగి, నా భుజం పట్టుకుని ఎక్కేవారు. ఈ పొద్దున పైదాకా ఎక్కాక చూస్తే తాళం మారింది. మెట్ల మీదే కూర్చుని, నా పెన్ను తీసుకుని రాశారు. నవ్వారు కూడానన్నా. వాడు మంచి కాపలాదారుడురా అన్నారు."

కవరులో ఒక కాగితం, ఏదో బరువైన వస్తువు. సీసాలాయన అక్కడే నిలబడి కాగితం విప్పాడు. గీతలు వంకర్లు పోయినా ఆ చేతిరాత వెయ్యిలో గుర్తుపడతాడు.

"ఏమయ్యా, నేను మార్చడం, నువ్వు వెనక్కి పెట్టడం, చిన్నపిల్లల ఆటలా ఉంది మనది. ముఖాన చెబితే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. తనిఖీ సంగతి విన్నాను. మూడు వందల్లో అయిదే తప్పులు, చదివినవాళ్ళు ఇంతకన్నా ఎక్కువ చేస్తారు. గుల్ల చూసి ఓడగుల్లని ఆల్చిప్పల్లో కలిపావు. పిల్లగా ఉన్నప్పుడు చూడు, రొయ్యపిల్లలా ఈదుతుంది. గుర్రపునాడా పీత పేరుకే పీత, చుట్టరికమంతా తేళ్ళతో. దోసకాయకి జలగతో సంబంధం లేదు, అది నక్షత్రాల ఇంటి మనిషి. పగడం జెల్లీచేపలకి చెల్లెలు. మన ఆక్టోపస్ గుల్ల వదిలేసిన నత్తల కులం. పైరూపు చూసి చుట్టరికాలు కలపకూడదయ్యా. మెట్లు ఎక్కడం ఇక నావల్ల కాదు. ఈ అయిదూ నువ్వే మార్చు, ఇవాళే. చెవి తిరిగి ఇచ్చేస్తున్నాను."

రెండో తాళంచెవి. రిటైరైన రోజు ఇదే గేటు దగ్గర, ఎవరూ చూడకుండా సారు జేబులో వేసింది తనే. "ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రండి సార్, ఇది మీ ఇల్లు" అన్నది తనే. రూలు ఒప్పుకోదని ఆఫీసులో పోయిందని రాసిచ్చాడు. పోయింది, పోయింది అని అందరికీ చెప్పీ చెప్పీ, చివరికి తనే నమ్మేశాడు. ఆయమ్మని అనుమానించాడు, మేడమ్‌ని అనుమానించాడు, ఈ అమాయకుణ్ణి దొంగని చేశాడు. పొద్దున పదింటికి కిందికి దిగి ఉంటే? అప్పటికి సారు బతికే ఉన్నారు. రెండు వీధుల అవతలే ఇల్లు. పరిగెత్తుకెళ్ళి ఆ కాళ్ళ దగ్గర కూర్చునేవాడు.

"అన్నా, జీపు బయల్దేరుతోంది" అన్నాడు వాచ్‌మన్.

"వాళ్ళని పొమ్మను. నేను నడిచొస్తాను. నాకు అయిదు సీసాల పనుంది."

పైకి వెళ్ళి మొదట ఓడగుల్లని మార్చాడు, తర్వాత గుర్రపునాడా పీతని, దోసకాయని, పగడాన్ని. ఆక్టోపస్‌ని రెండు చేతులతో ఎత్తి నత్తల మధ్య పెట్టేటప్పుడు కళ్ళు మసకబారి అర కనిపించలేదు. గట్టిగానే ఏడ్చాడు. ఆ గదిలో వినడానికి ఎవరూ లేరు.

కాసేపటికి మొహం తుడుచుకుని, సొరుగులోంచి పాత తాళం తీసి, సారు పంపిన చెవి దూర్చి తిప్పాడు. టక్కున తెరుచుకుంది. చెవికి, సీసాల్లో ప్రాణుల్ని కట్టే తెల్లదారంతో, అట్టముక్కొకటి కట్టి ఉంది. పాతబడి పసుపెక్కిన అట్ట, నీటికి చెదరని నల్లసిరా, పదకొండేళ్ళ కిందటి తేదీ. సీసాల చీటీల్లాగే వరుసగా రాసి ఉంది.

వస్తువు: తాళంచెవి. దొరికిన చోటు: కాలేజీ గేటు. ఇచ్చినవాడు: సీసాలాయన.

కొత్త తాళం వేసి ఆయన మెట్లు దిగేసరికి, లోపల బల్ల మీద పాత తాళం తెరిచే ఉంది, చెవి దాన్లోనే ఉంది, తెల్లదారానికి వేలాడుతూ ఆ అట్టముక్క ఫ్యాను గాలికి మెల్లగా తిరుగుతూ ఉంది.