బావమరిది మిల్లు బ్యాటరీ

మా రాజుల ఇళ్లలో పెళ్లికొడుకు ముఖం చూడకముందే గోత్రం అడుగుతాం. పిల్లవాడి సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముప్పై ఏళ్లు స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన నేను, పాత బ్యాటరీ ఎంచేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించాను.

ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ చచ్చిపోయింది. నా భార్య అభిరామికి ఆయాసం. అది వచ్చిందంటే నెబులైజరుతో మందు ఆవిరి పట్టాల్సిందే. ఊళ్లోనేమో నెలకొకరోజు మెయింటెనెన్స్ అని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా కరెంటు తీసేస్తారు. కొత్తది కొందామంది అభిరామి. కొత్తది ఎవడైనా కొంటాడు, పాతదాంట్లో ప్రాణం కనిపెట్టడానికే అనుభవం కావాలన్నాను.

మా వీధి చివర అన్బళగన్ పాత బ్యాటరీలు బాగుచేసి అమ్ముతాడు. మూల విరిగిన బస్సు బ్యాటరీ ఒకటి చూపించాడు. ఎవరి బస్సుదో అతనికే తెలియదు. నేను ముఖం తిప్పుకున్నాను. మా బావమరిది మిల్లులో కంప్యూటర్ల గదిలోంచి తీసేసినదాన్ని ఆటోలో తెచ్చి, కావాలనే అతని కొట్టు ముందు ఆపి, మీటరు పెట్టి చూపించాను. పన్నెండున్నర ఓల్టులు.

"ఊరికే ఉండేటప్పుడు అన్నీ అట్లనే చూపిస్తాయి అయ్యా. లారీ లైటు తగిలించి పది నిమిషాలు లోడ్ పెట్టి, మోస్తుందో లేదో చూద్దాము," అన్నాడు.

"మన మిల్లుది అప్పా ఇది. దీనికి పరీక్ష ఏమిటికి?" అన్నాను.

కరెంటు తీసిన రోజు పదకొండు గంటలకు అభిరామికి ఆయాసం మొదలైంది. నేను ధీమాగా నెబులైజరు వేశాను. రెండు నిమిషాలకు ఇన్వర్టరు కీచుమని ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. బ్యాటరీని తట్టాను, బతిమాలాను కూడా. ఆమె భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి. నాకు భయమేసింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఎవరెవరినో అన్నవాణ్ణి, చొక్కా లేకుండా వీధిలో పరుగెత్తాను.

అన్బళగన్ ఆ మూల విరిగినదాన్నే బండి మీద పెట్టుకుని వచ్చి, వైర్లు మార్చి బిగించాడు. నెబులైజరు మళ్లీ బుర్రుమంది. పది నిమిషాలు ఆగకుండా నడిచింది. ఆమె ఊపిరి కుదుటపడింది.

అభిరామి మాస్కు తీసి నా వైపు చూసింది.

"దీనిది ఏ గోత్రమో అడిగినారా?"

"లేదు," అన్నాను.

"పోనీలెండి. మా నాయన గూడా మీ గోత్రం ఒకటే అడిగినాడు. లోడ్ పెట్టి చూడలేదు."