నాలుగో వరుసలో తప్పు

లాండ్రీ పొద్దున ఏడింటికి తెరుస్తారు. తొమ్మిదిలోపు ముప్పై చొక్కాల ఇస్త్రీ పూర్తయితే తప్ప అమ్మాయిని మేడెక్కనిచ్చేవాడు కాదు వాళ్ళ నాన్న. ముందు కాలరు, తర్వాత చేతులు, ఆఖరున వీపు. కుడిచెయ్యి ఆ పనిలో ఉంటే, ఎడమచేతి వేళ్ళు కాస్త సందు దొరికినా బల్ల అంచుమీద స్వరాలు నొక్కుతుండేవి.

"బల్లకి సంగీతం వచ్చేసింది, నీకెప్పుడొస్తుందో మరి" అనేవాడు నాన్న.

మేడమీద రెండు గదుల్లో వయొలిన్ టీచరు ఉండేది. డెబ్భై దాటిన మనిషి, ముప్పై ఐదేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పింది. ఆ ఊళ్ళో సంగీతం చెప్పేవాళ్ళందరికీ జరిగేదే ఆమెకీ జరిగింది. శిష్యులు ఏ పాటనైనా ఒక్క తప్పు లేకుండా గురువు ఎదుట వాయించిన రోజున, ఆ పాట గురువుని వదిలి వెళ్ళిపోయేది. వేళ్ళకీ గుర్తుండదు, చెవికీ గుర్తుండదు. మళ్ళీ విన్నా, ఆ పాట గురించి ఎవరేం చెప్పినా, ఆ కాసేపే. నాలుగు రోజులైతే నిలవదు. ఇందులో వింతేమీ ఎవరికీ కనిపించలేదు. పిల్లలు ఎదుగుతుంటే చొక్కాలు పొట్టి కావా, అలాగే ఇదీను. ఒకసారి కూరగాయల కొట్టు దగ్గర ఒకాయన ఈల వేస్తుంటే టీచరు ఆగి, "భలే ఉందే, ఏం పాట నాయనా?" అని అడిగింది.

"మీరు నేర్పిందే కదండీ" అన్నాడతను.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె రెండు కిలోల ఉల్లిపాయలు కొనుక్కుని ఇంటికి వచ్చేసింది.

అలా ఒక్కొక్కటీ పోగా, ఇక మిగిలింది ఒకే ఒక్కటి. చనిపోయిన భర్త కట్టిన పాట అది. ఆయన వాయిద్యాలు బాగుచేసే మనిషి. రోజంతా జిగురూ, రంపప్పొట్టూ. జీవితంలో ఒకే ఒక్క పాట కట్టాడు, అదీ పెళ్ళయిన ఏడాది, ఆమె కోసం. టీచరు రోజూ సాయంత్రం తలుపేసుకుని దాన్ని ఒకసారి వాయించుకునేది. "ఆ పది నిమిషాలూ ఆయన పక్కగదిలో పని చేసుకుంటున్నట్టే ఉంటుందే" అని ఒకనాడు వయొలిన్ కమాను వదులు చేస్తూ అమ్మాయితో అంది.

అమ్మాయి పదకొండో ఏట మేడెక్కింది. టీచరు దగ్గర చివర్లో ఉన్న ఏడు చిన్న పాటలూ ఆమే పట్టుకుపోయింది. ఆ తర్వాత సంగీత కళాశాలలో చేరాలన్న ఆశ పుట్టింది. ప్రవేశ పరీక్షలో ఒక పెద్ద పాట మొత్తం వాయించాలి. నేర్పిన గురువు పక్కనే కూర్చోవాలి. ఇరవై ఏళ్ళు నిండితే ఇక రానివ్వరు.

"నా దగ్గర ఇంకేముంది గనక? ఉన్నది ఇదొక్కటే, తీసుకో" అంది టీచరు, పాత గొడుగు ఇచ్చేసినంత తేలిగ్గా. కానీ కమానుకి రోజిన్ బిళ్ళ రుద్దుతూ, చాలిన తర్వాత కూడా రుద్దుతూనే ఉంది. అమ్మాయి అది చూడనే చూసింది.

మూడు నెలల్లో పాట పూర్తిగా వచ్చేసింది. కింద లాండ్రీలో, వాషింగ్ మిషన్ల హోరులో, పైకి వినపడదన్న ధైర్యంతో అమ్మాయి దాన్ని తప్పు లేకుండా వాయించేది. మేడమీద మాత్రం నాలుగో వరుసలో, స్వరం పైకి లేవాల్సిన చోట, మూడో వేలు కొంచెం కిందకి పడేది.

"మళ్ళీ" అనేది టీచరు.

మళ్ళీ అక్కడే తప్పేది. మొదటిసారి పరీక్షలోనూ అక్కడే తప్పింది, సీటు రాలేదు. మరో ఏడాది గడిచింది. ఈసారి పరీక్ష తప్పితే ఇక లేదు, ఆ నెలలోనే ఆమెకి ఇరవై నిండుతాయి.

నాన్నకి ఒళ్ళు మండిపోయింది. "కింద చక్కగా వస్తుంది, మేడెక్కితే రాదా? పదహారు మెట్లలో ఎక్కడ పారేసుకుంటున్నావే?"

అమ్మాయి చెప్పకుండా ఉండలేకపోయింది. "సరిగ్గా వాయిస్తే టీచరుకి అదీ పోతుంది నాన్నా."

ఆయన చేతిలో ఉన్న చొక్కా మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ పెట్టాడు. "నీ ఇష్టం తల్లీ" అన్నాడు చివరికి. కూతురు జీవితమంతా ఈ ఆవిరిలోనే గడిచిపోతుందని తెలిసీ ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో పాపం.

పరీక్షకి ఇంకా వారం రోజులుందనగా, నాలుగో వరుస దగ్గర టీచరు చెయ్యి పైకెత్తింది.

"ఆపు. ఎన్నాళ్ళ నుంచే ఈ నాటకం?"

అమ్మాయి కమాను దించింది.

"ముప్పై ఐదేళ్ళు తప్పులు విన్న చెవులివి. రానివాళ్ళ తప్పు ఒకచోట కుదురుగా ఉండదు. ఓ రోజు కిందకి, ఓ రోజు పైకి, ఓ రోజు పొరపాటున సరిగ్గానే పడుతుంది. నీ తప్పు రెండేళ్ళుగా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అంత కచ్చితంగా తప్పాలంటే ఆ పాట ఎంత బాగా రావాలో నాకు తెలీదనుకున్నావా?"

"ఇది కూడా తీసుకుపోతే మీకేం మిగుల్తుంది టీచర్?" అంటూ అమ్మాయి ఏడ్చేసింది.

టీచరు ఆమె చేతిలోంచి వయొలిన్ తీసి పెట్టెలో పెట్టింది. "నాకూ భయంగానే ఉందే. నిన్నటిదాకా నీకు రావటం లేదనుకుని, దొంగమొహాన్ని, లోపల్లోపల సంతోషించాను కూడా. కానీ ఇప్పుడు తెలిసిపోయింది కదా. ఇక సాయంత్రం తలుపేసుకుని వాయిస్తే ఆయన కనపడతాడా? ఇస్త్రీపెట్టె పట్టుకుని నువ్వే కనపడతావు. పరీక్షలో సరిగ్గా వాయించెయ్."

పరీక్ష రోజు పొద్దున టీచరు ఆఖరిసారి తలుపేసుకుంది. అమ్మాయి వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని మెట్లమీద కూర్చుంది. ఎవరూ అడక్కుండానే నాన్న కింద మిషన్లన్నీ ఆపేశాడు. ఆ పది నిమిషాలూ ఆ ఇంట్లో ఆ పాట తప్ప ఇంకేమీ లేదు.

పరీక్ష గదిలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. టీచరు కుర్చీ పక్కన వేశారు. అమ్మాయి మొదలుపెట్టింది. టీచరు ఎడమచేతి వేళ్ళు మోకాలిమీద పాటతో పాటే నడుస్తున్నాయి. నాలుగో వరుస వచ్చింది. అమ్మాయి ఒక్కసారి అటు చూసింది. టీచరు తలూపింది. మూడో వేలు పడాల్సిన చోట పడింది.

అక్కణ్ణుంచి మోకాలిమీది వేళ్ళు కొద్దికొద్దిగా వెనకబడ్డాయి. ఒక స్వరం వదిలేశాయి, తర్వాత రెండు. పాట ముగిసేసరికి ఆ చెయ్యి కదలకుండా పడి ఉంది. అందరూ చప్పట్లు కొడితే టీచరూ కొట్టింది, ఆ పాట మొదటిసారి విన్న మనిషి కొట్టినట్టు.

వరండాలోకి వచ్చాక ఆమె అమ్మాయి భుజం తట్టింది. "ఎంత బాగుందే! ఆ నాలుగో వరుసలో స్వరం లేచిన చోట నా ప్రాణం లేచొచ్చిందనుకో. మా ఆయన కూడా ఒకటి కట్టాడు నాకోసం. ఇంత బాగుండేది కాదేమోలే. గుర్తు రావటం లేదు."

అమ్మాయి ఇంటిదాకా టీచరు చెయ్యి వదలకుండా నడిచింది.

సీటు వచ్చింది. అమ్మాయి కళాశాల హాస్టల్లో చేరింది. చొక్కాల పనికి నాన్న ఇంకో మనిషిని పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున ఆమె వయొలిన్ తీసుకుని వస్తుంది. కింద మిషన్లు ఆగుతాయి. టీచరు కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళు మూసుకుని వింటుంది, నాలుగో వరుస దగ్గర ఒకసారి ఉలిక్కిపడుతుంది, అయ్యాక చెంగుతో కళ్ళు తుడుచుకుంటుంది.

"ఎవరే ఇది కట్టింది?" అని అడుగుతుంది.

"మీవారేనండీ. మీ పెళ్ళయిన ఏడాది."

అమ్మాయి ఇప్పటికి ఎన్ని ఆదివారాలు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ ముసలి మొహం మెల్లగా ఎర్రబడుతుంది.

"నాకోసమా?" అంటుంది టీచరు.