లర్లీన్ కట్టిన వాయిదాలు

నేను చొక్కా ఇస్త్రీ చేస్తుంటే రాయల్ వెనక నుంచి, "ఆ పరిహారం ఫారంలో నష్టపోయిన మనిషి అన్నచోట నాన్న పేరు రాసెయ్," అన్నాడు.

నల్లవాళ్లకు ఇళ్ల విషయంలో జరిగిన అన్యాయానికి పరిహారం ఇవ్వాలా వద్దా అని సాయంత్రం మునిసిపాలిటీ సభ. నా మొగుడు రాయల్ అక్కడ మాట్లాడతాడు. ప్రసంగం రాసింది నేను. చర్చి భోజనాలకు వండినట్టే అదీ నా పనే అయింది. ఎలా అయిందో ఎవరికీ గుర్తులేదు.

మావాళ్లు పోగొట్టుకున్న ఇంటి కథ పెళ్లయినప్పటి నుంచీ వింటున్నాను. నల్లవాళ్లమని మా వీధివాళ్లకు ఏ బ్యాంకూ అప్పివ్వని రోజుల్లో మామగారు ఎజెల్ ఒక తెల్ల దళారి దగ్గర రెట్టింపు ధరకు వాయిదాల మీద ఇల్లు కొన్నారు. ఆఖరి వాయిదా కడితేగాని పత్రం చేతికి రాదు, మధ్యలో ఒక్కటి తప్పినా ఇల్లూ కట్టిన డబ్బూ పోతాయి. పదకొండో ఏట ఒక్క నెల తప్పింది. సామాన్లు మంచులోకి విసిరేశారు. "మా నాన్న రక్తం ధారపోసిన ఇల్లు," అంటాడు రాయల్.

తేదీలు సరిచూసుకుందామని అత్తగారి దగ్గరికి వెళ్లాను. లర్లీన్‌కు ఎనభై ఎనిమిదేళ్లు. అలసందలు ఏరుతోంది.

"మామయ్య ఎన్నాళ్లు కట్టారత్తమ్మా?"

"నాలుగేళ్లు. ఇనుము పోతపోసే ఫౌండ్రీలో చెయ్యి నలిగాక ఆయనకు పనెక్కడిది? తర్వాతంతా నేనే. సరస్సు పక్క తెల్లవాళ్ల ఇళ్లు కడిగాను. అక్కడ మనకి గది అద్దెకివ్వరు గానీ, కడగడానికి తాళంచెవి మాత్రం ఇచ్చేవాళ్లు."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"మగాడు చిన్నబుచ్చుకుంటాడని. ఆ నెలెందుకు తప్పిందో అడగవేం? మీ ఆయన పుట్టిన నెలే పిల్లా అది. మంచం మీదున్నా."

మొదటి సంగతి రాయల్‌కు చెప్పాను. రెండోది నోరు దాటలేదు.

"నలుగురిలో నాన్న పరువు తీస్తావా?" అన్నాడు గుండీలు పెట్టుకుంటూ. "రాయమన్నది రాయి, చాలు."

సభకు అత్తగారినీ వెంటబెట్టుకెళ్లాం. ముందు వరసలోంచి ఒక తెల్లాయన లేచాడు. "నష్టపోయినవాళ్లు ఎప్పుడో పోయారు. చచ్చినవాళ్ల పేరు చెప్పి మమ్మల్ని కట్టమంటే ఎలా?" కొందరు చప్పట్లు కొట్టారు.

తర్వాత మా ఇంటిపేరు పిలిచారు. రాయల్ కాగితం విప్పుతున్నాడు.

"మా అత్తగారు మాట్లాడతారు," అన్నాను.

"కూర్చో, ఆర్నెటా," అన్నాడు రాయల్ పంటిబిగువున.

నేను కూర్చోలేదు. ఆమె మోచెయ్యి పట్టుకుని మైకు దాకా నడిపించాను. ఆమె తీరిగ్గా ఆ పెద్దమనిషిని వెతికి చూసింది.

"ఆ వాయిదాలు కట్టింది నేనే బాబూ. బతికే ఉన్నాను, చెప్పండి."